రిమార్క్స్ గడిలో ఒక ప్లేటు

ఈ మధ్య కంప్యూటర్ ఉద్యోగాల్లో చేరబోతున్న పిల్లలతో మాట్లాడమని ఒక కాలేజీవాళ్ళు పిలిచారు. వెళ్ళాను. ఏ భాష నేర్చుకోవాలి, ఏ కంపెనీ మంచిది, ఎన్నేళ్ళకు ఏ హోదా వస్తుంది అని అడిగారు. వాళ్ళకు పనికొచ్చే జవాబు ఒక్కటీ నా దగ్గర లేకపోయింది. నాకు తెలిసిన సంగతి ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. నేను రాసిన ఒక ప్రోగ్రాం వల్ల ఒక మనిషి బతుకు కొన్ని నెలలు దారానికి వేలాడింది. ఇంటికి వచ్చాక అది రాయాలనిపించింది. నా ప్రమోషన్ల గురించి ఇక్కడ ఏమీ ఉండదు. అవి నాకే గుర్తు లేవు.

అసలు పని ఏమిటి

చివరి పన్నెండేళ్ళు నేను పనిచేసింది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, బ్యాగుల దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న చిన్న ఆఫీసులో. ఎల్బీనగర్‌లో ఇల్లు. చుట్టుపక్కల హాస్టళ్ళకు, కోచింగ్ సెంటర్లకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో చదువుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన పిల్లలతో ఆ వీధులు కిటకిటలాడేవి. గదికి ఆరుగురు, మంచం కింద ట్రంకుపెట్టె, గోడకు అంటించిన భారతదేశం పటం.

ఒక విద్యార్థి మా ప్రోగ్రాంలో ఒక ఆబ్జెక్టు. అంటే అతని పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను, గది నెంబరు, ఇంకా పాతిక వివరాలు ఒకేచోట కట్టిపెట్టిన సంచి లాంటిది. ఆ సంచి మా కంప్యూటర్ లోపల ఉన్నంతసేపు ఎవరికీ కనిపించదు. బయటికి పంపాలంటే మరో కంప్యూటర్ చదవగలిగే ఒక క్రమంలో, ప్రతి వివరానికీ చీటీ అంటించి, వరుసగా పేర్చాలి. ఇది పేరు, ఇది ఊరు, ఇది ఫోను అని. ప్రతిచోటా ఆ పనే మళ్ళీ మళ్ళీ రాయడం విసుగు. అందుకని అన్ని ప్రోగ్రాములూ వాడుకోవడానికి ఒక కోడ్ లైబ్రరీ రాశాను. దానికి ‘మూట’ అని పేరు పెట్టాను. ఏ ఆబ్జెక్టును ఇచ్చినా చక్కగా మూటగట్టి, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఎవరికైనా అర్థమయ్యే ఫైలుగా ఇచ్చేది. ఎవరికైనా అర్థమవుతుందన్నదే దాని గొప్పతనమని నేనే చెప్పుకునేదాన్ని.

నేను గెలిచిన వాదన

మలక్‌పేటలో నేను పెరిగిన ఇంట్లో వాదన ఒక రోజువారీ పని. మా నాన్న బడిపంతులు. సంస్కరణ సభలకు నన్ను వెంట తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టేవాడు. జాతకాలనూ ముహూర్తాలనూ వేదిక మీద చీల్చి చెండాడే వక్తలను వింటూ పెరిగాను. పదిహేనేళ్ళకే నేనూ ఎక్కి మాట్లాడాను. అక్కడ నేర్చుకున్నవి రెండు. రుజువు లేనిదాన్ని నమ్మకు. దాచేవాణ్ణి అనుమానించు. రెండోది నన్ను ముంచింది.

‘మూట’ రాసేటప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. ఫలానా వివరాలు పంపు అని ఎవరూ ప్రత్యేకంగా చెప్పకపోతే లైబ్రరీ ఏం చేయాలి? అన్నీ పంపాలా, ఏమీ పంపకూడదా? నాతో పనిచేసే మంజుల, పాలమూరు వైపు అమ్మాయి, ఏమీ పంపకూడదంది.

“అడిగినయే ఇద్దాం మేడమ్. అడగనియి ఎందుకు ఇయ్యాలె?”

“ప్రతిసారీ ఒక్కో వివరం పేరు రాసుకుంటూ కూర్చుంటామా? అన్నీ పంపితే కావలసినవాళ్ళు కావలసింది తీసుకుంటారు.”

“ఇంటికి సుట్టపోళ్ళొస్తే బీరువ తెర్చి సూపిస్తమా మేడమ్?”

“బీరువాలో దొంగసొత్తు లేనప్పుడు భయమెందుకమ్మా?”

ఆఫీసంతా నవ్వింది. మంజుల కూడా నవ్వి ఊరుకుంది. నేను గెలిచాను. ‘మూట’ డీఫాల్ట్‌గా అన్నీ పంపేలా తయారైంది. దాపరికం లేని ప్రోగ్రాం అని నాలో నేను మురిసిపోయాను. మా యజమాని మూర్తిగారు ప్రతి దసరాకు సర్వర్‌కు బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టేవారు. ప్రతి దసరాకూ నేను ఆయనతో పోట్లాడేదాన్ని. నిమ్మకాయను ప్రశ్నించినదాన్ని, నేను రాసిన ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ప్రశ్నించలేదు. గెలిచిన వాదన కదా, ఇంక పరీక్ష ఎందుకు అనుకున్నాను. మూఢనమ్మకం అంటే అంతకు మించి ఏముంటుంది?

రత్నమ్మగారి అలవాటు

సరూర్‌నగర్ వైపు వెళ్ళే సందులో రత్నమ్మగారు మగపిల్లల హాస్టల్ నడిపేవారు. తణుకు నుంచి వచ్చి పాతికేళ్ళయింది. భర్త పోయాక ఒక్కరే. ఉన్న పిల్లల్లో ఎక్కువమంది నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం వాళ్ళు. ఇది జరిగిన ఏడాది తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. రోజు విడిచి రోజు బంద్. బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఇళ్ళల్లో మాటలు తగ్గాయి. టీవీ శబ్దం కూడా తగ్గించి పెట్టుకునేవాళ్ళు.

రత్నమ్మగారి వంటింట్లో మాత్రం మాటలు తగ్గలేదు. సాఫ్ట్‌వేర్ చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నన్నూ భోజనానికి కూర్చోబెట్టేవారు. దేవరకొండ దగ్గరి ఊరి నుంచి వచ్చిన యాదగిరి అనే కుర్రాడు ఆమెకు సరిజోడు.

“ఏంది ఆంటీ, గిదేం పప్పు? చక్కెర డబ్బా బోర్ల పడ్డదా?”

“నోర్మూసుకుని తినరా. మీ ఊళ్ళో కారమే గానీ రుచి ఎక్కడేడ్చింది? అయినా రేపు మీ తెలంగాణ వచ్చిందనుకో, మొట్టమొదట నన్నే బస్సెక్కిస్తావు గదా!”

“నిన్నెట్ల పంపుతం ఆంటీ? బార్డర్ కాడ ఆపి, వంట చేసినంక పొమ్మంటం.”

అతను ఉద్యమానికి వెళ్ళేవాడు. దాచుకునేవాడు కాదు. భోజనం వేళకు రాకపోతే రత్నమ్మగారు ఒక స్టీలు ప్లేటులో అన్నీ వడ్డించి, దాని మీద ఇంకో ప్లేటు బోర్లించి, పేరు రాసిన చీటీ పెట్టేవారు. ఆ హాస్టల్లో అది ఆచారం. ఎవరికెన్ని ప్లేట్లు ఉంచాలో వంటమనిషికి తెలియాలి గనుక, మా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి విద్యార్థికీ ఉన్న రిమార్క్స్ గడిలో ఆమె ఏ రోజుకారోజు టైపు చేసేవారు. తెలుగులో టైపు చేయడం మంజులే నేర్పింది. నేర్చుకున్న కొత్తలో ఆమె ఆ గడిని ఒక డైరీలా వాడారు.

“ధర్నాకు పోయాడు. ప్లేటు ఉంచాలి.”

“యూనివర్సిటీలో మీటింగు. ప్లేటు.”

“రాస్తారోకో. మోచేతికి దెబ్బ. పాలు కూడా ఉంచాలి.”

ఆ గడిలో తేదీలతో సహా అలా వరుసగా ఉండేవి.

శుక్రవారం చేసిన పని

ఆ రోజుల్లో చుట్టుపక్కల హాస్టళ్ళన్నీ తమ దగ్గర ఉంటున్నవాళ్ళ జాబితా పోలీసు స్టేషన్‌లో ఇవ్వాలన్నారు. పేరు, తండ్రి పేరు, సొంత ఊరు, ఫోను. కాగితం కాపీ ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఒకటి. మా సాఫ్ట్‌వేర్ వాడే హాస్టళ్ళవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. మర్నాడు బంద్. ఆ సాయంత్రంలోగా ‘స్టేషన్ లిస్టు’ అని ఒక బటన్ పెట్టాలి.

మంజుల సెలవులో ఉంది. నేనే కూర్చున్నాను. విద్యార్థి ఆబ్జెక్టును ‘మూట’కు ఇచ్చాను. అది ఫైలు చేసింది. ఆ ఫైల్లోంచి నాలుగు వివరాలు తీసుకుని కాగితం మీద అచ్చువేసే పేజీ ఒకటి చేశాను. ప్రింట్ తీసి చూశాను. నాలుగు గడులు, గీతలు, అక్షరదోషాలు లేవు. రత్నమ్మగారికి ఫోన్ చేసి బటన్ నొక్కండి, ప్రింటూ ఫైలూ రెండూ వస్తాయి అని చెప్పాను. బస్సులు ఆగిపోకముందే ఇల్లు చేరాలన్న ఆత్రం. కాగితం చూశాను. ఫైలు తెరవలేదు.

సోమవారం మంజుల వచ్చింది. ఒక హాస్టల్ ఫైల్లో తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయంటే, సరిగ్గా ఉన్నదానితో పోల్చుదామని రత్నమ్మగారి కంప్యూటర్ నుంచి ఆ ఫైలు తెప్పించి తెరిచింది.

“మేడమ్, గీ ఫైల్ జర చూడున్రి.”

యాదగిరి పేరు. తండ్రి పేరు. ఊరు. ఫోను. ఆ కింద గది నెంబరు, రక్తం గ్రూపు, ఆ కింద రిమార్క్స్. ధర్నా. మీటింగు. రాస్తారోకో, మోచేతికి దెబ్బ. ప్రతిదాని పక్కనా తేదీ. ఎవరికైనా అర్థమయ్యేలా.

“ఇది స్టేషన్ల ఇచ్చిన్రా?” అంది మంజుల.

శనివారం బంద్ అయినా రత్నమ్మగారు నడుచుకుంటూ వెళ్ళి ఇచ్చివచ్చారు. చెప్పిన పని వాయిదా వేసే మనిషి కాదు.

మిగతా హాస్టళ్ళవాళ్ళు ఆ గడిలో ఏమీ రాసేవాళ్ళు కాదు. రత్నమ్మగారి జాబితాలో ఇంకా చాలామంది పిల్లలున్నారు. కాని యాదగిరి సంగతి వేరు. అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌గా ఎంపికైనట్టు వారం కిందటే అతనికి కాగితం వచ్చింది. ఇంక మిగిలింది పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే. పేరు ఒక్క కేసులో ఇరుక్కుంటే సర్కారు కొలువు ఆశ వదులుకోవడమే. అతను ఉంటున్న చిరునామాను బట్టి ఆ వెరిఫికేషన్ చేసేది అదే స్టేషన్.

యజమాని సలహా

మూర్తిగారు చెడ్డవారు కాదు. నెల తిరగ్గానే జీతం ఇచ్చేవారు, జ్వరం వస్తే ఇంటికి పొమ్మనేవారు. కాని ఆయనకు భయమేస్తే దేవుడు గుర్తొస్తాడు.

“అమ్మా, లేనిపోనిది మన మీదకు తెచ్చుకోకండి. వాళ్ళు కాగితం చూస్తారు గానీ ఫైలు తెరుస్తారా?”

“తెరిస్తే?”

“పైన భగవంతుడున్నాడు.”

“భగవంతుడికి నోట్‌ప్యాడ్ తెరవడం వచ్చో రాదో నాకు తెలియదు. స్టేషన్‌లో మాత్రం ఎవరికో ఒకరికి వచ్చు.”

“పోనీ ఆ అబ్బాయికి చెప్పకండి. తెలియకపోతే నిశ్చింతగా ఉంటాడు కదా!”

ఈ చివరి మాటకు నాకు ఒళ్ళు మండింది. అతని బతుకు, అతనికి తప్ప అందరికీ తెలుసు! మా వృత్తిలో పెద్దలు ఇచ్చే సలహాల్లో ఇది అన్నిటికన్నా చెడ్డది. మర్యాదస్తులే ఇస్తారు కనుక పిల్లలు మోసపోతారు.

మీరెవరు డిసైడ్ చెయ్యడానికి

ఆ మధ్యాహ్నం రోడ్డు మీద రాస్తారోకో. ఆటోలు లేవు. నేనూ మంజులా నడిచి వెళ్ళాం. దారి పొడవునా ఏ ఖాకీ చొక్కా కనబడినా రోడ్డు అవతలి వైపుకు మారాను. యాదగిరి తిన్న ప్లేటు కడుక్కుంటున్నాడు. రత్నమ్మగారిని కూడా పిలిచి ఇద్దరికీ ఒకేసారి చెప్పాను. ఫైలు ప్రింటు తీసి తెచ్చాను, అది చేతికిచ్చాను.

అతను నిలబడే చదివాడు. రత్నమ్మగారు కళ్ళజోడు కోసం తడుముకుని, చదివి, కింద కూలబడ్డారు.

“నేను అన్నం కోసం రాసుకున్నాను నాయనా. ప్లేటు కోసం రాసుకున్నా. ఆంధ్రా ఆవిడ పిల్లల్ని పట్టిచ్చింది అనుకుంటారు రేపు అందరూ…”

“నువ్వెందుకు ఏడుస్తున్నవ్ ఆంటీ? కొల్వు పోయేది నాది.” తర్వాత నా వైపు తిరిగాడు. “గిది ఎవరు పంపిన్రు?”

“నేను.”

“ఆంటీ కాదా?”

“ఆంటీ బటన్ నొక్కారు. ఆ బటన్ నాది.”

అతను అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది. “మా నాయిన రెండు ఎకరాలు కౌలుకిచ్చి నన్ను ఈడికి పంపిండు మేడమ్. నా గురించి మీకు గింత ఎరుకున్నదని గూడ నాకు ఎరుకలే.”

నేను వెంటనే పరిష్కారం మొదలుపెట్టాను. స్టేషన్‌కు వెళ్దాం, పొరపాటు ఒప్పుకుందాం, పాత ఫైలు తుడిచేయమని అడుగుదాం, లిఖితపూర్వకంగా ఇద్దాం. వేదిక మీద మాట్లాడినట్టే మాట్లాడాను. యాదగిరి చెయ్యెత్తి ఆపాడు.

“మేడమ్, మీరు ఇగ డిసైడ్ చేసుడు బంద్ వెట్టున్రి. తుడవమంటే ముందుగాల తెర్చి సూస్తరు. గంత తెల్వదా?”

తెలియలేదు. నిజంగా తెలియలేదు నాకు.

ఏం చేయాలో అతనే చెప్పాడు. నాలుగు వివరాలే ఉన్న కొత్త ఫైలు ఇవ్వాలి. పాతదాని గురించి ఒక్క మాట కూడా ఎత్తకూడదు. ఆ వారమే హాస్టల్లో ఇద్దరు కొత్త పిల్లలు చేరారు కనుక, మార్చిన జాబితా అంటే అది అబద్ధం కూడా కాదు.

మర్నాడు నేనూ రత్నమ్మగారూ వెళ్ళాం. జీవితమంతా నోరు తెరిచి బతికినదాన్ని, ఆ పావుగంట నోరు మూసుకుని నిలబడ్డాను. స్టేషన్‌లో కాగితాల పని చూసే ఆయన్ని రైటర్ అంటారు. ఆయన తల ఎత్తకుండానే, “ఏందమ్మా?” అన్నాడు.

“కొత్తగా ఇద్దరు చేరారండి. లిస్టు మార్చి తెచ్చాం.”

“గాడ వెట్టిపోన్రి.”

ఆయన వెనక కంప్యూటర్ ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ మీద దుమ్ము ఉందా, నిన్న ఎవరైనా తీశారా అని నేను కళ్ళు చికిలించి చూశాను. తెలియలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి వచ్చేశాం.

ఎదురుచూపు

తర్వాతి నెలల గురించి రాయడానికి ఏమీ లేదు, అదే వాటి స్వభావం. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. హాస్టల్ నుంచి అయితే ఇంకా ఉలిక్కిపడేదాన్ని. యాదగిరి ధర్నాలకు వెళ్ళడం మానలేదు, కాని పప్పు మీద జోకులు మానేశాడు. రత్నమ్మగారు రిమార్క్స్ గడి ఖాళీ చేశారు. ఎవరికి ప్లేటు ఉంచాలో నోటితో చెప్పేవారు, ఒక్కోసారి మరిచిపోయేవారు, ఒకరిద్దరు పిల్లలు పస్తు పడుకున్నారు. నా తప్పుకు లెక్క వేస్తే అది కూడా వేయాలి.

నేనూ మంజులా ‘మూట’ను మొదటి నుంచీ తిరగరాశాం. ఇప్పుడు దానికి ఏ ఆబ్జెక్టు ఇచ్చినా ఖాళీ మూట ఇస్తుంది. ఏ వివరం బయటికి పోవాలో దాని పేరు రాయాలి, ఎవరికి, ఎందుకు అన్నది పక్కనే రాయాలి. రాయకపోతే నడవదు. మంజుల ‘నేను అప్పుడే చెప్పలేదా’ అని ఒక్కసారి కూడా అనలేదు. పని అయిపోయిన రోజు కుర్చీ వెనక్కి నెట్టి, “బీరువ మూసిన మేడమ్,” అంది. అంతే. నేను ముప్పై ఏళ్ళలో ఎదుర్కొన్న జవాబులన్నిటిలో గట్టిది అదే.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకుంటే చాలు. మీరు రాసే ఆబ్జెక్టులో ఖాళీ గడి పెడితే, జనం దాన్ని మీరనుకున్న పనికి వాడరు, వాళ్ళకు కావలసిన పనికి వాడతారు. అందులో ప్రేమ రాస్తారు, కోపం రాస్తారు, రోగం రాస్తారు. అది రాసిన చోట ఒక అర్థం, చదివిన చోట ఇంకో అర్థం. ఆ రెండు చోట్ల మధ్య నిలబడి ఉన్నది మీ కోడ్. కాగితం మీద అందంగా వచ్చిందని చూసి వదిలేయకండి. బయటికి పోయిన దాన్నే తెరిచి చూడండి. మీరు వాదించి గెలిచిన చోట ఇంకో రెండుసార్లు చూడండి.

వెరిఫికేషన్

వానలు వెనకబట్టాక ఒక ఉదయం యాదగిరికి స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. మధ్యాహ్నానికి నేను హాస్టల్‌కు చేరేసరికి అతను తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నాడు. వెరిఫికేషన్ అయిపోయింది. అతని మీద ఏమీ లేదని రాసి సంతకం పెట్టారు. రత్నమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ వడ్డిస్తున్నారు. చాలా నెలల తర్వాత అతని ముఖంలో నవ్వు చూశాను.

“ఏమడిగారు?” అన్నాను.

“ఏమడుగుతరు మేడమ్? పేరు, ఊరు, ఏం సదివినవ్, గివే. పెద్దసారు సంతకం వెట్టి, కాయితం నా దిక్కు జరిపి, అప్పుడు అడిగిండు.” నవ్వు ఆపుకోలేకపోయాడు. “‘ఏం రా, మోచెయ్యి మంచిగైందా? ఆంటీ ఇంకా ప్లేటు ఉంచుతున్నదా?’ అన్నడు!”

రత్నమ్మగారు కూడా నవ్వారు. పక్కన కూర్చున్న పిల్లలు బల్లలు చరిచారు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. అంటే ఫైలు తెరిచారు. చదివారు. మోచేయి దాకా చదివారు. చదివి, ఒకాయన ఊరుకున్నాడు.

“మంచోడు మేడమ్ ఆయన,” అన్నాడు యాదగిరి, ముద్ద కలుపుతూ.

“మంచివాడే. ఆ ఫైలు తెరిచిన రోజు ఆయన సెలవులో ఉండి, ఆ కుర్చీలో ఇంకొకాయన ఉంటే?”

యాదగిరి నవ్వు ఆగింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రత్నమ్మగారు నా వైపు కోపంగా చూసి, “తిననివ్వండమ్మా వాణ్ణి,” అని అతని ప్లేటులో ఇంకో గరిటె పప్పు వేశారు.